ఆకు చింపిన పంచాయతీ నుంచి కోర్టు దాకా
షోలాపూర్ పద్మశాలీల విడాకులు, పిల్లల తగాదాల చరిత్ర



సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సమాఖ్య వారు అడిగారు. షోలాపూర్ చరిత్ర అంటే మనవాళ్ళు మిల్లులు, చద్దర్లు, టవల్లు, మార్కండేయ స్వామి రథోత్సవం గురించి రాస్తారు. అవి రాయవలసినవే. కాని మన ఇండ్లల్లో జరిగిన చరిత్ర ఒకటి వుంది, దాన్ని ఎవరూ రాయరు. మొగుడు పెళ్ళాలు విడిపోతే మన దగ్గర తీర్పు ఎవరు చెప్పేవారు, పిల్లల్ని ఎవరికి ఇచ్చేవారు అనేది. నేను వకీలును కాను. తెలుగు బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివి, చేనేత సహకార సంఘంలో లెక్కలు రాస్తూ సెక్రెటరీ అయినవాణ్ణి. ఈ విషయంలో నా చేతితో జరిగిన తప్పు ఒకటి వుంది కాబట్టి రాస్తున్నాను.

ఆకు, కాడి, కాగితం

విడాకులు అనే మాటలోనే ఆకు వుంది. తమలపాకు చించి ఇద్దరి చేతుల్లో చెరిసగం పెడితే సంబంధం తెగినట్టే అని మా తాత చెప్పేవాడు. ఇక్కడ మరాఠీ వాళ్ళు కాడీమోడ్ అంటారు, అంటే పుల్ల విరవడం. ఒడిశాలో వున్న మనవాళ్ళు వినే మాట ఛాడపత్రం, అంటే వదిలిపెట్టిన పత్రం. మాట ఏదైనా పని ఒక్కటే. కులపెద్దలు కూచుంటారు, ఇరుపక్షాల మాట వింటారు, పెట్టిన నగలు, సామాను లెక్క చూస్తారు, తప్పు వున్నవాళ్ళకు జరిమానా వేస్తారు.

మన పెద్దలు నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చారు. అప్పుడు ఇది బొంబాయి ఇలాఖా. 1877లో జూనీ మిల్లు వచ్చినాక ఇంకా ఎక్కువమంది వచ్చారు. పరాయి ఊరు, పరాయి భాష. కోర్టులో మరాఠీ, ఇంగ్లీషు. వకీలు దగ్గరికి పోతే ఒక దినం కూలి పోయినట్టే. కులపంచాయతీ ఐతే సాయంత్రం మగ్గం దిగినాక కూచుంటుంది, రాత్రికి తేల్చేస్తుంది. కాబట్టి పంచాయతీ అంతా చెడ్డది అని నేను అనను. చాలా సంసారాలను నిలబెట్టింది కూడా అదే.

కాని మనకు తెలియని సంగతి ఒకటి. ఆకు చింపితే చాలదని కోర్టు ఎప్పుడో చెప్పింది. 1876లోనే బొంబాయి హైకోర్టు ఒక తీర్పులో, పెళ్ళి రద్దు చేయడానికి, ఆడదానికి మారు పెళ్ళికి అనుమతి ఇవ్వడానికి కులానికి వున్న అధికారాన్ని మేము ఒప్పుకోము అన్నది. అంటే జూనీ మిల్లు కంటే ఒక ఏడాది ముందు మాట. నూరేండ్ల తర్వాత కూడా మనం ఆకు చింపుతూనే వున్నాము.

1947లో బొంబాయి ఇలాఖాలో హిందూ విడాకుల చట్టం వచ్చింది. 1949లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. 1955లో హిందూ వివాహ చట్టం దాదాపు దేశానికంతా వచ్చింది. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే పద్ధతి 1976లో అందులో చేర్చారు. కులాచారం ప్రకారం విడాకులు వుంటే వాటిని 1955 చట్టం కొట్టివేయలేదు, నిజమే. ఐతే ఆ ఆచారం పాత కాలం నుంచి తెగకుండా నడుస్తున్నదని కోర్టులో సాక్ష్యంతో రుజువు చేయాలి. ఈ మాట 2002లో సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది. పెద్దలు సంతకాలు పెట్టిన స్టాంపు కాగితం ఒక్కటే చూపిస్తే సరిపోదు.

నేను రాసిన కాగితం

1988 సంగతి. నేను అప్పుడు సంఘంలో గుమాస్తాను. రాత బాగుంటుందని పంచాయతీ కాగితాలు నాతోనే రాయించేవారు. మా పేటలో ఒక జంటకు పడలేదు. ఆమె బీడీలు చేసేది, ఆయన కారఖానాలో మగ్గం నడిపేవాడు. నాలుగేండ్ల బాబు. పెద్దలు విడాకులు అన్నారు. బాబు వంశానికి చెందినవాడు కాబట్టి తండ్రి దగ్గర వుండాలె అన్నారు. నేను స్టాంపు కాగితం మీద రాశాను. నగల తూకం రాశాను, బిందెలు ఎన్నో రాశాను, కుట్టు మిషన్ ఎవరిదో రాశాను. ఆమె వేలిముద్ర వేయించాను. వేలిముద్ర వేసేటప్పుడు ఆమె నన్ను అడిగింది.

"మామా, పిలగాడిని చూడనీకి నేనెప్పుడు రావాలె? అది రాసినవా?"

"అదంతా రాసేది కాదు బిడ్డా, పెద్దలు వున్నరు గద" అన్నాను.

రెండేండ్లలో ఆయన ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆమెను బాబును చూడనీయడం మానేశారు. పెద్దల్లో ఒకరు చనిపోయారు, ఒకరు కొడుకు దగ్గరికి పోయారు. ఇక ఎవరికి చెప్పుకోవాలి? ఆమె తమ్ముడు వేరే పెద్ద నగరంలో పని చేసేవాడు. అక్కడ పేరున్న వకీలును పెట్టాడు. ఆమె పుస్తెలతాడు అమ్మి ఫీజు ఇచ్చారు. ఆ వకీలు కేసు ఆ నగరంలోనే వేశాడు. రెండేండ్లు తారీఖుల మీద తారీఖులు. చివరికి కోర్టు, పిల్లవాడు షోలాపూర్‌లో వుంటాడు, ఈ అర్జీ ఇక్కడ నడవదు అని వాపసు ఇచ్చేసింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో వున్న నియమమే అది. పిల్లవాడు మామూలుగా ఎక్కడ వుంటాడో ఆ జిల్లా కోర్టులోనే అర్జీ వేయాలి.

1993లో షోలాపూర్ వకీలు ఒకాయన చేతికి కేసు వచ్చింది. పెద్ద పేరేమీ లేదు. జిల్లా కోర్టు దగ్గర చిన్న గది, బల్ల మీద మరాఠీ ఫైళ్ళు. ఆయన మొదట అడిగిన ప్రశ్న "పిల్లవాడు పంచాయతీ నాటికి ఎన్నేండ్లవాడు?" అని. తర్వాత చెప్పాడు: "1956 చట్టంలో ఐదేండ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే వుండాలని వుంది. అప్పుడే వచ్చి వుంటే మీ పని సులువు. ఇప్పుడు తొమ్మిదేండ్లు. బాబును జడ్జి అడుగుతారు."

నన్ను సాక్షిగా పిలిచారు. నా రాతను నాకే చూపించి, ఇందులో బిడ్డ వయసు ఎక్కడ వుంది అని ఎదుటి వకీలు కాదు, జడ్జిగారే అడిగారు. బిందెల లెక్క వుంది, బిడ్డ వయసు లేదు. నేను తల దించుకుని నిలబడ్డాను.

జడ్జిగారు తన గదిలో బాబుతో మాట్లాడారు. బాబు నాయనమ్మ దగ్గరే వుంటానన్నాడు. వాడికి అమ్మ అంటే మరిచిపోయిన మొకం. కోర్టు బాబును అక్కడే వుంచి, ఆదివారాలు, దీపావళి సెలవుల్లో సగం దినాలు తల్లి దగ్గరికి పంపాలని హుకుం ఇచ్చింది. ఆమెకు దక్కింది అంతే. ఆ కేసులోనే ఇంకో సంగతి బయటపడింది. కోర్టు విడాకులు లేవు కాబట్టి ఆయన రెండో పెళ్ళి చెల్లదు. ఆ రెండో ఆమె కూడా మన ఆడపిల్లే. మొదటి ఇద్దరూ ఒప్పుకుని కోర్టులో విడాకులు తీసుకున్నాక, ఇద్దరు పిల్లల తల్లికి ఆయన మళ్ళీ తాళి కట్టాల్సి వచ్చింది. నేను రాసిన ఒక్క కాగితం ఇంతమందికి తగిలింది. ఆ తర్వాత నేను పంచాయతీ కాగితం రాయలేదు.

వకీలును పెట్టుకునేటప్పుడు

అప్పటి నుంచి సంఘానికి ఎవరు వచ్చినా నేను చెప్పే మాటలు ఇవి. వేరే రాష్ట్రాల్లో వున్న మనవాళ్ళకు కూడా పనికొస్తాయి.

మొదటిది, కేసు ఏ ఊళ్ళో నడుస్తుందో ముందు తెలుసుకుని ఆ ఊరి వకీలునే పెట్టండి. విడాకుల అర్జీ పెళ్ళి జరిగిన చోట, ఇద్దరూ చివరిసారి కలిసి వున్న చోట, లేదా ఎదుటివారు వుండే చోట వేయవచ్చు. 2003 నుంచి భార్య తాను వుండే ఊళ్ళో కూడా వేయవచ్చు. వకీలు దేశంలో ఏ కోర్టులోనైనా నిలబడవచ్చు, కాని కింది కోర్టుల్లో సాక్ష్యం ఇక్కడ మరాఠీలో, తమిళనాడులో తమిళంలో, కర్ణాటకలో కన్నడంలో నడుస్తుంది. ఆ భాష వచ్చినవాడు, ప్రతి తారీఖుకు తానే వచ్చేవాడు కావాలి. మన మాట కూడా కొంచెం అర్థమైతే ఇంకా మంచిది. మన ఆడవాళ్ళు కష్టం చెప్పేది తెలుగులోనే కదా.

రెండోది, వేరే రాష్ట్రం నుంచి సమన్లు వస్తే ఊరుకోవద్దు. షోలాపూర్ పిల్లను సిరిసిల్లకో, సిరిసిల్ల పిల్లను భివండికో ఇస్తున్నాము. సమన్లు వచ్చినా పోకపోతే ఒకపక్క మాట విని డిక్రీ ఇచ్చేస్తారు. దాన్ని తీయించడానికి గడువు 30 దినాలే. అంత దూరం పోలేని స్థితి వుంటే కేసును వేరే రాష్ట్రానికి మార్చమని సుప్రీంకోర్టును అడిగే దారి వుంది.

మూడోది, ఫీజు. మొత్తం ఎంత, ఎప్పుడెప్పుడు ఇవ్వాలి అని ముందే మాట్లాడి రసీదు తీసుకోండి. భరణంలో ఇంత వాటా ఇవ్వాలి అని అడిగే వకీలు దగ్గరికి పోవద్దు, అది బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. వకాలత్‌నామా ఖాళీగా వుంటే సంతకం పెట్టవద్దు. డబ్బు లేదని కేసు మానుకోవద్దు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. జిల్లా కోర్టులోనే న్యాయసేవా ప్రాధికార ఆఫీసు వుంటుంది, ఫోను 15100. కేసు నడిచేటప్పుడు ఆదాయం లేనివారు ఖర్చులు, మధ్యంతర భరణం ఎదుటివారి నుంచి అడగవచ్చు.

నాలుగోది, కాగితాలు. పెళ్ళి పత్రిక, ఫోటోలు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్, బడి దాఖలా, బ్యాంకు పుస్తకం తీసుకుపోండి. 2020 నుంచి సుప్రీంకోర్టు హుకుం ప్రకారం భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తి, ఆదాయం ప్రమాణపత్రంలో చెప్పాలి. మనది చేసిన మాలుకు కూలి, జీతం చీటీ వుండదు. కాబట్టి సంఘాలు మజూరీ పుస్తకాలు సరిగ్గా రాయాలి. ఆయన వారానికి ఎన్ని చద్దర్లు నేశాడో ఆ పుస్తకమే కోర్టులో చెప్తుంది. సెక్రెటరీలు మొగమాటం పడి తక్కువ రాయవద్దు.

ఐదోది, పిల్లలు. 1956 చట్టంలోనే బిడ్డ మేలు అన్నిటికన్నా పెద్దది అని వుంది. బిడ్డ ఎవరి దగ్గర వుండాలి అనేదే కాక, రెండోవారు ఎప్పుడు చూడాలి, సెలవులు ఎక్కడ, బడి ఫీజు ఎవరు కట్టాలి, ఇవన్నీ అర్జీలోనే అడిగించండి. ఏ వకీలు బిడ్డ గురించి అడగకుండా నగల గురించే అడుగుతాడో అతని దగ్గర లేచి రండి.

పెద్దలకు ఒక మాట

కులపెద్దల పని అయిపోలేదు. కలిపే పని మీది. ఫ్యామిలీ కోర్టు కూడా ముందు కలపడానికే చూస్తుంది. ఐతే కలవనప్పుడు వెలి వేస్తామని భయపెట్టవద్దు. మహారాష్ట్రలో 2016లో శాసనసభ పాస్ చేసిన చట్టం ప్రకారం సామాజిక బహిష్కారం నేరం. ఇద్దరికీ ఒప్పుదల ఐతే షరతులు మాట్లాడి పెట్టండి, కాని దాన్ని వకీలు చేతికి ఇచ్చి కోర్టులో పెట్టించండి. ఏడాది విడిగా వుండి అర్జీ వేస్తే ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలు కూడా తగిన కారణం వుంటే కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

మన సమాఖ్యలోని ప్రతి సంఘం తమ ఊరి కోర్టులో నమ్మకమైన ఇద్దరు ముగ్గురు వకీళ్ళ వివరాలు, న్యాయసేవా ఆఫీసు చిరునామా రాసి ఆఫీసు గోడకు అంటించాలని నా మనవి. మా సంఘంలో అంటించాము. మజూరీ ఇచ్చే కిటికీ పక్కనే పెట్టాము, వారం వారం ఆడవాళ్ళు వచ్చి నిలబడేది అక్కడే కాబట్టి.

తప్పులుంటే పెద్దలు మన్నించగలరు. జై మార్కండేయ.