యాబదిమూడవ నంబరు దోషము

యుద్ధములకును సంధులకును తేదీలు వ్రాసి యుంచుట చరిత్రకారుల అలవాటు. ఇంటింట వాడెడు వస్తువులకు అట్టి తేదీలు అరుదుగా లభించును. కాని స్మార్టు ఫోను చరిత్రలో 2016వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీ జ్ఞాపకముంచుకొనదగినది. ఆనాడు ఆపిల్ కంపెనీ తన ఐఫోనులకు సవరించిన ఆపరేటింగు సిస్టమును విడుదల చేసినది. అంతకు పూర్వము బయటి దుకాణములలో మరమ్మతు జరిగిన కారణమున మూగవోయిన ఫోనులు దానితో తిరిగి పలికినవి. వస్తువును కొన్నవానికి దానిపై ఎంతవఱకు హక్కు కలదను ప్రశ్న కూడ ఆ ఘట్టముతోనే అనేకుల దృష్టికి వచ్చినది. ఆ కథను, దాని పూర్వోత్తరములను ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

మొదట ఆపరేటింగు సిస్టమనగా నేమో తెలిసికొందము. ఫోనులోని తెర, మాటవినిపించు భాగము, కెమెరా, జ్ఞాపకశక్తి, వీనినన్నింటిని ఒక్క త్రాటిపై నడిపించెడు ఆదేశముల సముదాయమే సిస్టము. అది లేనిదే ఫోను గాజుపలక మాత్రమే. అయితే ఇక్కడొక చిక్కు కలదు. యంత్రమును నడిపించునది సిస్టము. ఆ సిస్టమును యంత్రములోనికి ఎక్కించునది ఎవరు? ఈ చిక్కు కంప్యూటరులు పుట్టిననాటి నుండియు ఉన్నదే. 1952 నాటి ఐ.బి.ఎం. 701 యంత్రమునకు ఇందుకై ప్రత్యేకముగా ఒక మీట ఉండెను. దానిని నొక్కినచో యంత్రము తొలి ఆదేశమును చదువుకొని, దాని సాయమున తక్కినవానిని ఎక్కించుకొనెడిది. 1975లో వెలువడిన ఆల్టేర్ 8800 అను చిన్న కంప్యూటరును కొన్నవారు ముందుపలకపైనున్న మీటలను ఒక్కొక్కటిగా పైకి క్రిందికి త్రిప్పి తొలి ఆదేశములను తామే నింపవలసి వచ్చెడిది.

నేటి ఫోనులో ఆ శ్రమ లేదు. చిప్పును తయారుచేయునపుడే అందులో మార్చుటకు వీలులేని చిన్న ఆదేశఖండమొకటి పొందుపఱతురు. దానినే బూట్ రోమ్ అందురు. ఫోను మేల్కొనగానే మొదట అదియే మేల్కొనును. అది తరువాతి మెట్టుపై నున్న ఆదేశములను పరీక్షించి, వానిపై తయారీదారుని గూఢ సంతకము సరిగా ఉన్నదని నిశ్చయించుకొనిన పిమ్మటనే ముందునకు పోనిచ్చును. ఆ రెండవ మెట్టు మూడవదానిని అట్లే పరీక్షించును. కోటలో ఒక ద్వారపాలకుడు చీటీ చూచి లోనికి పంపగా, లోపలి ద్వారపాలకుడు మఱల చూచునట్లు ఈ వరుస సాగును. ఏ ద్వారమున తప్పు తోచినను ప్రయాణము అక్కడితో ఆగును. అప్పుడు ఫోను కేవలము ఒక తీగ బొమ్మను తెరపై చూపి, తనను కంప్యూటరుకు తగిలింపుమని కోరును. ఈ స్థితికే రికవరీ మోడు అని పేరు.

ఇట్లు ఆగిపోయి ఎంతకును మేల్కొనని ఫోనును ఆంగ్లేయులు ఇటుక యని పిలుతురు. ఆ మాట ఫోనుల విషయమున లోకప్రసిద్ధమైనది 2007లో. ఆ సంవత్సరము జూన్ 29న తొలి ఐఫోను అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. దానిని ఒకే టెలిఫోను కంపెనీకి కట్టివేయగా, కొందఱు ఉపాయముతో ఆ కట్టు విప్పుకొనిరి. ఆట్లు విప్పిన ఫోనులు క్రొత్త సిస్టము ఎక్కించినచో శాశ్వతముగా పనిచేయకపోవచ్చునని సెప్టెంబరు 24న ఆపిల్ హెచ్చరించినది. మూడు దినములకే క్రొత్త సిస్టము వచ్చినది. కట్టు విప్పిన ఫోనులు పెక్కు నిజముగనే ఇటుకలైనవి. సిస్టము చేతిలో నున్నవాడు, వస్తువు ఎవరి జేబులో నున్నను, దానిని నిలుపగలడని అప్పుడే కొందఱికి తెలిసినది.

ఇక అసలు కథకు వత్తము. 2013 సెప్టెంబరులో ఆపిల్ ఐఫోను 5ఎస్‌ను తెచ్చినది. దాని క్రింది భాగమున నున్న గుండ్రని మీటపై వ్రేలు మోపినచో ఫోను యజమానిని గుర్తించి తెరచుకొనును. దీనికి టచ్ ఐడీ అని పేరిడిరి. మన దేశమున వ్రేలిముద్ర విలువ ఎఱుగనివారు లేరు. సంతకము రానివాడు దస్తావేజుపై నిశానీ వేసినచో అది చెల్లును. అట్టి ముద్రను ఒక యంత్రమునకు అప్పగించునపుడు జాగ్రత్త అవసరమే. అందుచే ఆ ముద్రకు సంబంధించిన లెక్కను ఫోనులోని ప్రధాన చిప్పునందే సెక్యూర్ ఎన్‌క్లేవ్ అను వేఱొక భద్రమైన అరలో దాచిరి. మీటలోని ముద్రగ్రాహకమునకును ఈ అరకును ఫ్యాక్టరీలోనే ఒక రహస్య సంకేతము కలిపిరి. ఏ ఫోను మీట ఆ ఫోను అరతోనే మాటాడును. మఱొక ఫోను నుండి ఊడదీసిన మీట మాట అది వినదు.

ఈ ఏర్పాటునందలి ఉద్దేశము మంచిదే. దొంగ యొకడు మాయమీటను తగిలించి అరను మోసగింపకుండుటకు ఇది రక్ష. కాని ఫోను క్రింద పడును, తెర పగులును, మీట దెబ్బతినును. కంపెనీ దుకాణము దగ్గఱ లేనివారు, అక్కడి ధర భరింపలేనివారు వీథిలోని మరమ్మతుదారుని యొద్దకే పోవుదురు. ఒకనాడు రేడియోలో వాల్వు కాలిపోయినచో బజారున మఱొక వాల్వు కొని తెచ్చి పెట్టించుకొనెడివారము. రేడియో ఆ వాల్వు ఎవరు పెట్టిరని అడుగలేదు. ఫోనునందును జనులు అట్లే తలంచిరి. క్రొత్త మీట పెట్టించుకొనిన పిమ్మట వ్రేలిముద్ర పనిచేయకున్నను, అంకెలు నొక్కి ఫోను తెరచుకొని నెలల తరబడి వాడుకొనిరి.

ముప్పు వచ్చినది సిస్టము మార్చుకొనునపుడు. ఐఫోను 6 శ్రేణి 2014 సెప్టెంబరులో వెలువడినది. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో ఐ.ఓ.ఎస్. 9 అను క్రొత్త సిస్టము వచ్చినది. బయట మీట మార్పించుకొన్నవారు, పడిపోయిన కారణమున మీటకు పోవు తీగ చెడినవారు సిస్టమును మార్చుకొనబోగా, నడుమ పరీక్షలో ఫోను ఆగిపోయెను. కంప్యూటరు తెరపై ఒక్క మాట మాత్రము కనబడెను: దోషము, నంబరు 53. ఆ మాటకు వివరణ లేదు, నివారణ లేదు. నిన్నటి దనుక మాటాడిన ఫోను, సందేశములు పంపిన ఫోను, పిల్లల బొమ్మలను దాచిన ఫోను, ఒక్క ఘడియలో ఇటుక యైనది. ఆ బొమ్మలకు వేఱొకచోట ప్రతి తీసి ఉంచుకొననివారి బాధ వర్ణింపనక్కఱలేదు.

వారిలో పెక్కుమంది కంపెనీ దుకాణములకు పోయిరి. మరమ్మతు కొఱకు చేసిన ఆ యాత్ర ఫలింపలేదు. బయటివారు చేయి పెట్టిన ఫోనునకు తమ బాధ్యత లేదనియు, క్రొత్తది కొనుటయే మార్గమనియు పలువురు విని వెనుదిరిగిరి. 2016 ఫిబ్రవరి మొదటి వారమున ఇంగ్లండు నుండి వెలువడు గార్డియన్ పత్రిక ఈ సంగతిని ప్రచురింపగా కలవరము దేశదేశముల వ్యాపించినది. అది వినియోగదారుల భద్రతకై చేసిన ఏర్పాటని ఆపిల్ మొదట సమాధానము చెప్పినది.

ఇచ్చట కొంచెము ఆగి ఆ సమాధానమును తూచి చూతము. తెలియని మీటను నమ్మకుండుట భద్రతయే. అందులకు వ్రేలిముద్రను మాత్రము చెల్లనీయకున్న చాలును. ఇంటి తాళము అనుమానాస్పదముగా నున్నచో ఆ తాళమును వాడవద్దనుట న్యాయము. ఇంటిలోనికే యజమానిని రానీయక తలుపులు గోడకట్టి మూసివేయుట న్యాయము కాదు. పైగా ఆ ఫోనులు నెలల కొలది అదే మీటతో నడచినవి. ముప్పు నిజముగా మీటలో నున్నచో మొదటి దినముననే చెప్పవలసినది. మరమ్మతు నాడు మౌనముగా నుండి, సిస్టము మార్చిన నాడు దండించుట ఎట్టి రక్షణ?

కంపెనీయే రెండు వారములలో ఈ భేదమును అంగీకరించినది. ఫిబ్రవరి 18న ఐ.ఓ.ఎస్. 9.2.1కు సవరించిన ప్రతిని విడుదల చేసి, క్షమాపణ చెప్పినది. దోషము 53 అనునది ఫ్యాక్టరీ నుండి వస్తువు వెలువడక మునుపు టచ్ ఐడీ సరిగా ఉన్నదో లేదో చూచు పరీక్ష మాత్రమే యనియు, వినియోగదారులకు అది తగులవలసినది కాదనియు తెలిపినది. పనిచేయని ఫోనునకు బదులుగా డబ్బిచ్చి మఱొకటి తీసికొన్నవారు ఆ సొమ్మును తిరిగి కోరవచ్చుననెను.

స్వస్థపఱచు విధానము చూడ సులభమే. ఫోనును తీగతో కంప్యూటరుకు తగిలించి, ఐట్యూన్సు అను కార్యక్రమమును తెఱచి, మీటలు రెండు ఒక్కసారి అదిమి పట్టి ఫోనును రికవరీ మోడులోనికి తేవలెను. అప్పుడు తెరపై రెండు మార్గములు కనబడును. అప్‌డేటు అనునది లోపలి బొమ్మలకు, అక్షరములకు హాని చేయక సిస్టమును మాత్రము మఱల నింపును. రిస్టోరు అనునది సర్వమును తుడిచి క్రొత్త ఫోనువలె చేయును. ఏ మార్గమైనను, నింపబోవు సిస్టము ఈ ఫోనునకు తగునని ఆపిల్ సర్వరు నుండి సంతకము రావలెను. 2009 నాటి ఐఫోను 3జీఎస్ మొదలు ఈ నియమము కలదు. ఇట్లు మూగఫోనులు మాటాడినవి. కాని బయట మార్చిన మీటతో వ్రేలిముద్ర మాత్రము తిరిగి పనిచేయలేదు. మొదటనే ఉండవలసిన మర్యాద అదియే.

కథ అంతటితో ముగియలేదు. ఆస్ట్రేలియా దేశమున వినియోగదారుల హక్కులను కాపాడు కమిషను 2017 ఏప్రిల్‌లో ఆపిల్‌పై వ్యాజ్యము వేసినది. 2015 ఫిబ్రవరి నుండి 2016 ఫిబ్రవరి వఱకు కనీసము 275 మంది ఆస్ట్రేలియా వినియోగదారులకు, బయటివారు మరమ్మతు చేసిరి గనుక మీకు పరిహారము లేదని కంపెనీ చెప్పినట్లు తేలినది. కంపెనీయు దానిని ఒప్పుకొన్నది. 2018 జూన్‌లో అచ్చటి ఫెడరల్ కోర్టు 90 లక్షల ఆస్ట్రేలియా డాలరుల జరిమానా విధించినది. వేఱొకరు మరమ్మతు చేసినంత మాత్రమున, కొన్నవానికి చట్టమిచ్చిన హక్కు తొలగిపోదని ఆ తీర్పు సారాంశము. దర్యాప్తు మొదలైన పిమ్మట కంపెనీ సుమారు 5,000 మంది వినియోగదారులకు పరిహారమిచ్చుటకై వారిని తానే సంప్రదించినది.

ఆ నాటి నుండి గాలి కొంత మాఱినది. 2022 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఫోనుల భాగములను, పనిముట్లను, మరమ్మతు పుస్తకములను అమెరికాలో సామాన్యులకు అమ్మ మొదలిడినది. 2024 మార్చిలో అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రము, ఫోను తన విడిభాగమును తయారీదారుని అనుమతి లేనిదే ఒప్పుకొనకుండునట్లు కట్టివేయు పద్ధతిని నిషేధించుచు చట్టము చేసినది. 2025 జనవరి 1 తరువాత తయారైన వస్తువులకు ఆ నిషేధము వర్తించును. 2024లోనే ఐరోపా సమాఖ్యయు మరమ్మతును ప్రోత్సహించు నిర్దేశమును ఆమోదించినది. మన దేశమున కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక కమిటీని నియమించి, డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినమున, అందుకై ఒక పోర్టలును ప్రారంభించినది.

సాంకేతికముగను మార్పు వచ్చినది. 2016లో వెలువడిన ఆండ్రాయిడ్ 7తో, ఫోనులో సిస్టమును రెండు ప్రతులుగా ఉంచు పద్ధతికి ఏర్పాటు జరిగినది. ఒక ప్రతితో ఫోను నడచుచుండగా క్రొత్తది రెండవచోట నిండును. క్రొత్తది మేల్కొనకున్నచో ఫోను పాతదానికే మరలిపోవును. విత్తనములన్నియు ఒక్కసారి చల్లక కొన్ని గాదెలో నిలువ ఉంచుకొనెడు రైతు జాగ్రత్త వంటిదే యిది.

శ్రోతలకు ఈ కథ వలన దక్కు లాభము రెండు విధములు. మరమ్మతునకు పోక మునుపు ఫోనులోని బొమ్మలకు, పేర్లకు, అంకెలకు వేఱొకచోట ప్రతి తీసియుంచవలెను. మరమ్మతు ఫలింపక ఫోను మేల్కొననిచో రిస్టోరు అను మాటను తొందరపడి నొక్కక, తుడిచివేయని మార్గమును ముందు ప్రయత్నింపవలెను. ఇది మొదటి లాభము. రెండవది అంతకంటె పెద్దది. ఇక చేయదగినది లేదని దుకాణమున చెప్పిన మాట ఎల్లప్పుడు యంత్రము మాట కాదు. ఒక్కొక్కప్పుడు అది ఎవరో వ్రాసిన నియమపు మాట. యాబదిమూడవ దోషమున చెడినది లోహము కాదు, గాజు కాదు, ఒక పరీక్షావాక్యము. దానిని వ్రాసినవారే దిద్దగా ఫోనులు లేచినవి. దిద్దునట్లు చేసినది మాత్రము, ఆ మాటను తుది తీర్పుగా ఒప్పుకొనక మఱల మఱల అడిగిన సామాన్య జనులే.