ఉపఎన్నిక వస్తేనే కదిలే సర్కారు



నంద్యాల రాజకీయ చరిత్ర నిండా పెద్దోళ్ల పేర్లే. 1977లో ఇక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యారు. 1991లో గంగుల ప్రతాపరెడ్డి సీటు వదులుకుంటే, ప్రధాని పి.వి. నరసింహారావు 5.8 లక్షల మెజారిటీతో గెలిచారు. పక్కన ఆళ్లగడ్డలో దశాబ్దాలుగా గంగుల, భూమా కుటుంబాల మధ్యే పోటీ.

2017 మార్చిలో నంద్యాల ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డి చనిపోయారు. ఆయన కూతురికి మంత్రి పదవి, అన్న కొడుక్కి ఉపఎన్నిక టికెట్ వచ్చాయి. ఆగస్టు 23 పోలింగ్ దాకా మంత్రులు పట్నంలోనే మకాం. రోడ్ల వెడల్పు, ఇళ్ల హామీలు, అన్నీ ఆ కొన్ని నెలల్లోనే. అధికార పార్టీ 27,466 ఓట్లతో గెలిచింది.

డబ్బు లేక కాదు, అవసరం పడక ఆగుతుందన్నమాట. అహోబిలం నరసింహస్వామి చెంచుల ఇంటి అల్లుడు. ఆ గుడికి నాయకులంతా వస్తారు, పక్కనున్న గూడేనికి ఎందరొస్తారు? మన ఓట్లు తక్కువ మరి.

అయినా ఒక దారుంది. 2013 ఉపప్రణాళిక చట్టం ప్రకారం గిరిజనుల జనాభా ఎంత శాతమో నిధుల్లో వాటా అంత. పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మన గూడెం పేరున ఎంతొచ్చింది, దేనికి ఖర్చయింది అని శ్రీశైలం ఐటీడీఏని అడుగుదాం. ఉపఎన్నిక కోసం ఎదురుచూడొద్దు.