నూలు నంబరు, రోస్సీ నంబరు

ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర నూలు సన్నబడేకొద్దీ నంబరు పెరుగుతుంది. 840 గజాల చిలపలు ఇరవై కలిపి ఒక పౌను తూగితే అది 20 నంబరు. నలభై పడితే 40. మిల్లువాడు చీటీ మీద ఏం రాసినా, అనుమానమొస్తే చిలప విప్పి కొలుచుకోవచ్చు. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ నేతగాళ్ళ సహకార సంఘం పెట్టేనాటికే ఈ లెక్క పాతది. ఆదోని పత్తి యార్డులోనూ అంతే. కుప్పలో చెయ్యి పెట్టి పింజ లాగి చూడనిదే ఎవరూ ధర చెప్పరు.

ఇటలీలో ఆండ్రియా రోస్సీ అనే ఆయన చేసిన యంత్రానికీ ఒక నంబరు ఉంది: పెట్టిన కరెంటుకు ఎన్ని రెట్లు వేడి వస్తుందన్నది. పేరు ఈ-క్యాట్. నికెల్ పొడి, హైడ్రోజన్ కలిస్తే అణుకేంద్రకాల్లోంచి వేడి పుడుతుందని ఆయన మాట. ఆ ఆశ ఆయనతో మొదలైంది కాదు. 1989 మార్చిలో అమెరికాలోని యూటాలో 'శీతల సంలీనం' (మామూలు వేడిలోనే అణుకేంద్రకాలు కలవడం) ప్రకటన రాగానే మన ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో పి.కె. అయ్యంగార్ ఆధ్వర్యంలో అనేక బృందాలు దానిమీద పడ్డాయి. కొందరికి దాని ఆనవాలుగా ట్రిటియం కనిపించిందన్నారు కూడా. మిగతా ప్రపంచం నమ్మలేదు; కొన్నేళ్ళకు ఆ పని అటకెక్కింది.

రోస్సీ 2011 జనవరిలో బొలోన్యాలో చూపించింది బల్లమీద పట్టేంత యంత్రం. 10 కిలోవాట్లకు పైగా వేడి వచ్చిందన్నారు. కొలిచిందెలా? బయటికొచ్చే ఆవిరిని బట్టి. తిరకాసంతా అక్కడే. గ్రాము నీళ్ళను 20 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 80 కేలరీలు చాలు. దాన్ని ఆవిరి చేయడానికి మరో 540 కావాలి. నీళ్ళు తుంపరలుగానే బయటపడ్డా, అంతా ఆవిరేనని లెక్క రాసుకుంటే నంబరు ఎన్నో రెట్లు ఉబ్బుతుంది.

ఈ కిటుకు ఆదోనిలో చిన్న దళారీకి కూడా తెలుసు. నెమ్ము పత్తి ఎక్కువ తూగుతుంది. అందుకే భారత పత్తి సంస్థ (సీసీఐ) 8 శాతం తేమ దాటితే ధర కోస్తుంది, 12 దాటితే కొననే కొనదు.

అదే ఏడాది అక్టోబరుకు యంత్రం లారీ కంటైనరంత అయింది. మెగావాటు వేడి ఇస్తుందన్నది 470 కిలోవాట్ల దగ్గర ఆగింది; పక్కన పెద్ద జనరేటర్ నడుస్తూనే ఉంది. 2014లో కొందరు ప్రొఫెసర్లు స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 32 రోజులు పరీక్షించేసరికి అది 20 సెంటీమీటర్ల గొట్టం. నంబరు మూడు చిల్లరకు పడిపోయింది. ఆ వేడినీ థర్మల్ కెమెరాతో ఎక్కువగా అంచనా కట్టారని విమర్శలొచ్చాయి. తర్వాత ఫ్లోరిడాలో మళ్ళీ మెగావాటు ప్లాంటు, ఈసారి 50 రెట్లకు పైగానట! ఆవిరి కొన్న కంపెనీకి అధ్యక్షుడు రోస్సీ లాయరే. పెట్టుబడి పెట్టిన ఇండస్ట్రియల్ హీట్ అనే కంపెనీ మిగతా సొమ్మివ్వలేదు. రోస్సీ 8.9 కోట్ల డాలర్లకు దావా వేశాడు. 2017లో రాజీ కుదిరింది.

ఆ నవంబరులోనే స్టాక్‌హోంలో కొత్త నమూనా చూపించాడు. ఈసారి పెన్సిల్ మొనంత సన్నం, నంబరు వందల్లో. దాన్ని నడిపిన కంట్రోల్ పెట్టె ఎంత కరెంటు తాగిందో మాత్రం ఆ రోజు లెక్కలోకి రాలేదు.