హబ్సిగూడ పేరు వెనక: హైదరాబాదు సిద్దీల ఏ.సి. గార్డ్స్

మన ఏఎస్ రావు నగర్ పేరు వెనక ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారు ఉన్నారని ఇక్కడ చదువుకునే పిల్లలకు కూడా తెలుసు. మరి కుషాయిగూడ, మల్లాపూర్, నాచారం దాటి రోజూ మనం బస్సు దిగే హబ్సిగూడ పేరు వెనక ఎవరున్నారు? ఈ ఆదివాసీ దినోత్సవ సంచికకు ఏం రాయాలని మేము కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

అరబ్బులు ఇథియోపియా ప్రాంతాన్ని హబష్ అన్నారు. అక్కడి నుంచి వచ్చినవాళ్లు హబ్షీలు. నిజాం కాలంలో హబ్షీలు ఉన్న గూడెం కనుక హబ్సిగూడ అయిందని పెద్దలు చెప్తారు. గూడ, గూడెం అన్న మాట మనకు కొత్తది కాదు. ఆదిలాబాదు నుంచి భద్రాచలం దాకా మన ఊళ్ల పేర్లలో అదే ఉంటుంది. గోల్కొండ కోటలోనూ హబ్షీ కమాన్లు ఉన్నాయి. అంటే ఆసఫ్ జాహీల కంటే ముందే ఈ మనుషులు ఇక్కడికి వచ్చారు.

ఎలా వచ్చారు? ఎక్కువ మంది అమ్ముడుపోయి వచ్చారు. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి అరబ్బు వర్తకుల ఓడల్లో బానిసలుగా తెచ్చి దక్కను సుల్తానులకు అమ్మేవారు. కొన్న యజమాని చేతికి కత్తి ఇచ్చేవాడు. అలా చేతులు మారుతూ వచ్చినవాడే మాలిక్ అంబర్. ఇథియోపియాలో పుట్టి, అహ్మద్‌నగర్ రాజ్యానికి పెద్ద దిక్కై, మొగలు సేనలను ఏళ్లకేళ్లు నిలువరించి 1626లో చనిపోయాడు. ఆయన కట్టించిన ఖడ్కీ పట్టణమే తర్వాత ఔరంగాబాద్ అయింది. 1948 దాకా అది నిజాం రాజ్యంలోని ఊరే. మన చరిత్ర పాఠాల్లో ఆయనకు దక్కింది రెండు పంక్తులు, అదీ మొగలుల పాఠంలో.

హైదరాబాదులో సిద్దీల అసలు పేట మాసబ్ ట్యాంకు, లక్డీకాపూల్ మధ్య ఉన్న ఏ.సి. గార్డ్స్. ఆ రెండక్షరాలను చూసి ఏదో ఇంగ్లిషు దొర పేరనుకుంటారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా గుర్రపు దళం, అన్న దాన్ని కుదించి పిలిచిన పేరు అది. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానం రాజా దగ్గర ఆఫ్రికా అంగరక్షకుల దళం ఉండేది. అది నిజాం సైన్యంలో కలిసింది. పాలకుడి వెంట నడవడం, ఊరేగింపుల్లో ముందు నిలవడం వాళ్ల పని. లైన్లలోనే కాపురాలు, పిల్లలు, పెళ్లిళ్లు. న్యూయార్కులో హార్లెం ఎలాగో మన నగరంలో నల్లజాతివారి పేట అని చెప్పదగ్గది ఇదొక్కటే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. నిజాం అనగానే మనకు జోడేఘాట్ గుర్తొస్తుంది. 1940లో కొమురం భీం ఆ ప్రభువు బలగాల తూటాలకే నేలకొరిగాడు. అదే ప్రభువు వాకిట్లో కాపలా ఉన్నవాళ్ల కథను మన సంచికలో వేయడమా అని మాలోనే ఒక పెద్దాయన అడిగారు. ఆయన అడగడం న్యాయమే. కానీ ఆ కాపలాదారుల తాతలను ఎవరు, ఎక్కడి నుంచి, ఎలా తెచ్చారో చదివాక, వేద్దామని ఆయనే అన్నారు.

1948లో పోలీసు చర్యతో హైదరాబాదు రాజ్యం ముగిసింది. ఆ తర్వాత దళం రద్దయింది. గుర్రం పోయింది, జీతం పోయింది, చదువు అంతంతమాత్రం. మిగిలింది ఆ లైన్లు, మసీదు, చుట్టాలు. తరాలు గడిచేకొద్దీ ఇంట్లో ఉర్దూ స్థిరపడింది, బజార్లో తెలుగు. కొందరు చిన్న ఉద్యోగాల్లోకి, కొందరు ఆటోల మీదికి, మెకానిక్ పనుల్లోకి వెళ్లారు. చాలామందిని నగరానికి పరిచయం చేసింది మర్ఫా. మెడకు తగిలించుకున్న డోళ్లు, సన్నటి కర్రలు, వేగం పెరుగుతూ పోయే దెబ్బ. బార్కస్‌లోని యెమెన్ అరబ్బులు, సిద్దీలు కలిసి ఈ నగరానికి ఇచ్చిన వాద్యం ఇది. ముస్లింల బరాత్‌లోనూ మోగుతుంది, గణేశ్ ఊరేగింపులోనూ మోగుతుంది. దండారిలో తుడుం మోగినప్పుడు కాళ్లు ఆగనివారికి ఈ దెబ్బ గురించి వేరే చెప్పనక్కరలేదు.

మన సంఘానికి అసలు సంబంధించింది ఇప్పుడు చెప్తాం. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీలు షెడ్యూల్డు తెగ. 2003లో ఆ గుర్తింపు వచ్చింది, 2020లో బెళగావి, ధార్వాడ జిల్లాలకూ పెరిగింది. వాళ్లలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. ఎస్టీ గుర్తింపుకు మతం అడ్డు కాదు కనుక అందరూ అందులోనే ఉన్నారు. గుజరాత్‌లో కొన్ని జిల్లాల సిద్దీలూ ఎస్టీలే. అక్కడి హీరాబాయి లోబీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. కర్ణాటకలో శాంతారాం సిద్ది 2020లో శాసనమండలిలో అడుగుపెట్టారు. మన దగ్గర సిద్దీలు బీసీ–ఈ. 2007 నాటి చట్టంలో ‘సిద్ది, యాబా, హబ్షీ, జాసీ’ అని ఒకే వరుసలో పేర్లున్నాయి.

ఈ తిరకాసు మన బంజారా సోదరులకు బాగా తెలుసు. లంబాడీలు తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. బీదర్‌కు పిల్లనిస్తే కూతురిది ఒక సర్టిఫికెట్, అల్లుడిది మరొకటి. అడవిలో ఉన్న సిద్దీని తెగగా చూసిన కళ్లకు నగరం నడిబొడ్డున ఉన్న సిద్దీ అలా కనిపించలేదు. నగరానికి వచ్చేసినవాడు ఇంకా గిరిజనుడేనా అన్న ప్రశ్న ఏఎస్ రావు నగర్‌లో అద్దె ఇళ్ల కోసం తిరిగిన మనలో ఎందరో విన్నదే.

వచ్చే ఏడు మన వేడుకకు గుస్సాడీ బృందంతో పాటు ఏ.సి. గార్డ్స్ నుంచి ఒక మర్ఫా బృందాన్ని కూడా పిలవాలని అనుకుంటున్నాం. కూలి మాట్లాడుకుని తెచ్చే బ్యాండులా పిలవకూడదు. కుటుంబాలతో సహా రమ్మని చెప్పి, పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టాలి. ప్రశ్న అడిగిన తమ్ముడికే ఆ పని అప్పగించాం.