వెలుతురునకు చలింపని కంటిపాప

చీకటిగదినుండి ఎండలోనికి వచ్చినవాని కంటిపాప క్షణములో చిన్నదగును. దగ్గరి వస్తువును చూచునపుడును అంతే. 1869లో ఎడింబరో నేత్రవైద్యుడు ఆర్గైల్ రాబర్ట్‌సన్ దీనికి భిన్నమైన కంటిపాపలను వర్ణించెను: అవి దగ్గరి చూపునకు ముడుచుకొనును గాని దీపకాంతికి చలింపవు. సిఫిలిస్ అను సుఖవ్యాధి నాడీమండలమున కెక్కినదనుటకు అది గుర్తని పిమ్మట తేలినది. ఇక అట్టి పాప కనబడిన ప్రతివారి మీదను అనుమానమే. ఆ మాట ఒక సంసారమును కూల్చుటకు చాలును.

1931లో లండనులో విలియం ఆడీ, గోర్డన్ హోమ్స్ అను నాడీవైద్యులు వేరువేరుగా ఈ చిక్కు విడదీసిరి. వారు వర్ణించిన రోగులలో పెక్కుమంది యువతులు. పాప తరచు ఒక కంటనే పెద్దదై, దగ్గరి చూపునకు మెల్లగా ముడుచుకొని, అంతకంటె మెల్లగా విప్పారును. మోకాటిచిప్ప క్రింద తట్టినను కాలు ఎగురదు. సిఫిలిస్ లేదు, ప్రాణభయమును లేదు.

పాపలోని లోపమునకు మూలము కంటివెనుక నున్న, పెసరగింజకంటె చిన్నదైన నాడీముడి. దాని తంతువులలో పాపను ముడుచునవి నూటికి మూడే. తక్కినవి కటకమును సవరించు కండరమునకు పోవును. ముడి దెబ్బతిని తంతువులు మరల మొలచునపుడు, కటకమునకై బయలుదేరినవి కొన్ని దారితప్పి పాపను చేరును. కాబట్టి పుస్తకము చదువునపుడు పాప ముడుచుకొనును, వెలుతురునకు ముడుచుకొనదు.

ముడి దెబ్బతినుటకు కారణము పెక్కురిలో తెలియదు. కొందరిలో వైరసు సోకిన పిదప ఇట్లగును. ఆటలమ్మయు, అదే వైరసు నాడులలో దాగి ఏండ్లకు మేల్కొనగా వచ్చు సర్పియు అట్టివి. నేడు గుర్తుపట్టుట సులభము: 0.1 శాతపు పైలోకార్పిన్ చుక్క మామూలు పాపను అంతగా కదల్పదు, దీనిని ముడుచును.