వేడి ఆవిర్లు

ముట్లుడిగే వయసులో స్త్రీలను ఎక్కువగా సతాయించే లక్షణం వేడి ఆవిర్లు. ఉన్నట్టుండి ఛాతీలోనో మెడలోనో సెగ పుట్టి ముఖానికి పాకుతుంది. గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది, తగ్గాక కొందరికి చలి వేస్తుంది. ఒక్కో విడత సాధారణంగా ఒకటి నుంచి ఐదు నిమిషాలు ఉంటుంది. రోజుకు ఒకటి రెండుసార్లతో పోయేవారున్నారు, గంటగంటకూ వచ్చేవారూ ఉన్నారు.

ఒంటి వేడిని అదుపులో ఉంచేది మెదడులోని హైపోథాలమస్. ఈ వయసులో ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గేసరికి అక్కడి కొన్ని నాడీకణాలు అతిగా చురుకవుతాయి. ఒంట్లో వేడి కాస్త పెరిగినా ఓర్చుకునే శక్తి సన్నగిల్లుతుంది. గుక్కెడు వేడి టీకే శరీరం మండుటెండ తగిలినట్టు రక్తనాళాలను విప్పార్చి చెమట పట్టిస్తుంది. అందరూ ఫ్యాను తగ్గించమంటున్నప్పుడు ఆమె ఒక్కతే పెంచమనడం పంతం కాదు, ఆమె ఒంట్లో నిజంగా జరుగుతున్న మార్పు.

‘కొన్నాళ్లు ఓపిక పట్టమ్మా’ అనే సలహా సరికాదు. అమెరికాలో మధ్యవయసు స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనం 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తరచుగా ఆవిర్లు వచ్చేవారిలో సగం మందికి అవి ఏడేళ్లకు పైనే కొనసాగాయి.

పగటి ఆవిరి కన్నా రాత్రి ఆవిరి చేసే నష్టం ఎక్కువ. తడిసిన జాకెట్టు మార్చుకుని పడుకునేలోపు నిద్ర చెదిరిపోతుంది. మర్నాడు లెక్క తప్పడం, మాట మరిచిపోవడం, పిల్లల మీద విసుక్కోవడం ఆ నిద్రలేమి ఫలితం కావచ్చు. అమెరికాలో మేయో క్లినిక్ 45 నుంచి 60 ఏళ్ల లోపు ఉద్యోగినులు 4,440 మందిని అడిగి 2023లో ప్రకటించిన ఫలితాల్లో, ఈ దశ లక్షణాల వల్ల గడచిన ఏడాదిలో పనికి సెలవు పెట్టామన్నవారు 10.8 శాతం. బ్రిటన్‌లో పార్లమెంటరీ కమిటీ 2022లో ప్రత్యేక సెలవును ప్రయోగాత్మకంగా అమలు చేయమని కోరింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఈ చర్చంతా ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. గుంటూరు జిల్లాలో ఎండలో మిరపకాయలు కోసే కూలీకి, బడిలో పొయ్యి దగ్గర నిలబడి మధ్యాహ్న భోజనం వండే ఆవిడకు సెలవంటే ఆ రోజు కూలి పోయినట్టే. వారికి కావలసింది నీడ, చల్లని నీళ్లు, దగ్గరలో మరుగుదొడ్డి, కాసేపు కూర్చుంటే ఏమీ అనని మేస్త్రీ. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, నీడ ఉండాలని రాసింది. అన్ని పనులకూ అదే కనీస మర్యాద కావాలి.

మన రాష్ట్రాల్లో మరో కోణం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ముప్పైల్లోనే హఠాత్తుగా, తీవ్రంగా ఆవిర్లు మొదలవుతాయి. సంతకం పెట్టించుకునే ముందు ఈ మాట ఆమెకు చెప్పి తీరాలి.

ఆవిర్లను తగ్గించడంలో హార్మోన్ చికిత్సదే పైచేయి. 2002లో అమెరికాలో ఈ చికిత్సపై జరుగుతున్న ఒక పెద్ద పరీక్షను మధ్యలో ఆపేసినప్పటి నుంచి దాని మీద భయం పెరిగింది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. ముట్లుడిగిన పదేళ్లలోపు, 60 దాటకముందు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకు ప్రయోజనమే ఎక్కువని నిపుణులు ఇప్పుడు చెబుతున్నారు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు, పక్షవాతం వచ్చినవారికి సాధారణంగా ఇది ఇవ్వరు. అలాంటి వారికి కొన్ని హార్మోనేతర మందులు, ఆలోచనా తీరును మార్చే మానసిక చికిత్స ఉన్నాయి. హైపోథాలమస్‌లోని ఆ కణాల మీదే పనిచేసే ఫెజోలినెటాంట్ అనే మందును అమెరికా 2023లో అనుమతించింది. దాన్ని వాడేవారికి కాలేయ పరీక్షలు తప్పనిసరి.

రాత్రి చెమటలన్నీ ఈ వయసు ఖాతాలో వేయకూడదు. బరువు తగ్గడం, జ్వరం, వారాల తరబడి దగ్గు తోడైతే క్షయ పరీక్ష, గుండెదడ, చేతుల వణుకు ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.