పగలు డాక్‌యార్డు, సాయంత్రం నాటకం

వైజాగ్‌లో తీసిన సినిమాలు అనగానే ఎవరైనా ముందు బీచి గురించే ఎత్తుతారు. 1978లో బాలచందర్ 'మరోచరిత్ర' తీసినప్పట్నుంచీ ఇదే వరస. నిజమే, బ్లాక్ అండ్ వైట్‌లో కూడా ఆ భీమిలి సముద్రం ఎంత బావుంటుందో! కానీ ఆ క్లైమాక్సు చూసి తట్టుకునే ఓపిక నాకు లేదు. ఎన్నిసార్లైనా కూర్చుని చూడగలిగేవి, నా మటుకు, జంధ్యాల సినిమాలే.

'నాలుగు స్తంభాలాట' (1982), 'చంటబ్బాయ్' (1986) రెండూ ఈ ఊళ్ళో తీసినవే. 'చంటబ్బాయ్' గురించి ఎంత చెప్పినా తక్కువే. 1983లో 'ఖైదీ' వచ్చాక చిరంజీవి అంటే ఫైట్లూ, డాన్సులూ. అలాంటాయన్ని పట్టుకొచ్చి, మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల్లోని డిటెక్టివ్ పాండురంగారావుని చేసి, చాప్లిన్ వేషం కూడా వేయించారు. ఇక శ్రీలక్ష్మి తన కవితలతో పత్రికాఫీసు మీద పడే సీన్లు... అబ్బో, వాటిని తల్చుకుని క్యూబికల్లో ఒక్కణ్ణే నవ్వుకున్న రోజులున్నాయి.

అసలు సంగతికొస్తాను. ఈ సినిమాల్లో మనల్ని నవ్వించేది హీరోల కన్నా ఆ చుట్టుపక్కల మనుషులే: గుమాస్తాలు, మేనేజర్లు, చాదస్తపు తండ్రులు. ఆ పాత్రల్లో అంత సహజంగా ఒదిగిపోయినవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు?

సుత్తి వేలు సంగతే చూడండి. అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు. విశాఖ నేవల్ డాక్‌యార్డులో పర్మనెంటు ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసేవాడు. 1981లో జంధ్యాల దర్శకుడిగా తన మొదటి సినిమా 'ముద్దమందారం'లో చిన్న వేషం ఇచ్చారు. మరుసటేడే 'నాలుగు స్తంభాలాట'. అందులో విజయవాడ రేడియో నుంచి వచ్చిన వీరభద్రరావుతో కలిసి వేసిన సుత్తి దెబ్బకి ఇద్దరి పేర్ల ముందూ ఆ మాట శాశ్వతంగా అతుక్కుపోయింది. ఇవాళ మనం రెండు గంటల స్టేటస్ మీటింగుని సుత్తి అంటున్నామంటే కొంత పుణ్యం వాళ్ళదే. వీరభద్రరావు 1988లోనే పోవడంతో ఆ జంట విడిపోయింది. వేలు ఒట్టి కామెడీ నటుడనుకునేవాళ్ళు 'ప్రతిఘటన' (1985)లో మతి చెడిన కానిస్టేబుల్‌ని చూడాలి. నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

వేలు ఒక్కడే కాదు. సాక్షి రంగారావు ఆంధ్రా యూనివర్సిటీలో స్టెనోగ్రాఫర్. 1967లో బాపు తీసిన 'సాక్షి' ఆయనకి ఇంటిపేరైంది. గొల్లపూడి మారుతీరావు కూడా ఆ యూనివర్సిటీలోనే ఫిజిక్సు చదువుకుని, రేడియోలో ఉద్యోగం చేసి, ఎప్పుడో 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో తెర మీదకొచ్చారు.

ఇదంతా ఏదో యాదృచ్ఛికం అనిపించదు నాకు. 1926లో యూనివర్సిటీ, 1933లో పోర్టు, తర్వాత షిప్‌యార్డు, నేవీ, 1971లో స్టీల్‌ప్లాంటుకి శంకుస్థాపన. నెలజీతం కోసం తలో జిల్లా నుంచీ జనం వచ్చి చేరిన ఊరు ఇది. సైరన్ మోగితే పని అయిపోయినట్టే. సాయంత్రం రిహార్సల్‌కి టైముండేది. పగలంతా చూసిన సూపరింటెండెంట్లనే రాత్రి స్టేజీ మీద అనుకరించేవాళ్ళేమో! ఋషికొండ ఐటీ హిల్ మీద పనిచేసే మనకి ఆ సాయంత్రాలేవి? సరిగ్గా అప్పుడే అమెరికావాళ్ళు నిద్రలేచి కాల్‌కి రమ్మంటారు. మన టీముల్లోనూ మేనేజర్ని అచ్చుగుద్దినట్టు అనుకరించేవాళ్ళున్నారు. కానీ ఆ టాలెంటంతా క్యాంటీన్ టేబుల్ దాటి వెళ్ళట్లేదు.

జంధ్యాల మీద నాకో ఫిర్యాదు కూడా ఉంది. ఊరు వైజాగ్‌దే, వీధులు వైజాగ్‌వే, మాట మాత్రం కృష్ణా గోదావరి జిల్లాలది. "ఏటి", "ఎలాగున్నావు" అని అడిగే మా ఉత్తరాంధ్ర మనిషి ఆ ఫ్రేముల్లో వెనకాల నడుస్తుంటాడు తప్ప ముందుకు రాడు. ఆ యాసలో కూడా జంధ్యాల నాలుగు తిట్లు రాసుంటే ఎంత బావుండేదో!

ఇంతవరకూ చూడనివాళ్ళుంటే 'చంటబ్బాయ్'తో మొదలెట్టండి. 'నాలుగు స్తంభాలాట'లో ప్రేమకథ మధ్యలో కాస్త బరువెక్కుతుంది. ఫార్వర్డ్ చేద్దామనిపిస్తే చేయండి గానీ, సుత్తి జంట ఉన్న చోట మాత్రం రిమోట్ ముట్టుకోకండి.